బోడికొండ మీద కాగు

గుంటూరు,
9 జనవరి 2005

అక్కా,

కొట్లో పని మానేశాను. ఫోన్లో చెబితే మధ్యలోనే అరిచి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నా. ముందు మొత్తం చదువు, ఆ తర్వాత తిట్టు.

మిర్చి యార్డులో టిక్కీల మధ్య, ఆ మిరపకాయ బస్తాల మధ్య ఆరేళ్ళు కూర్చున్నాను. తుమ్ముతూ చీటీలు రాశాను, దగ్గుతూ లెక్కలు చూశాను. ఆదివారం వస్తే చాలు, కొండవీడు పోయేవాణ్ణి. లేదంటే కోటప్పకొండ వెనకవైపు. సోమవారం మళ్ళీ ఆ బల్ల, ఆ ఘాటు. బల్ల కింద నా కాళ్ళు ఊగుతూనే ఉండేవి. "ఏందయ్యా సిలారూ, నీ కాళ్ళకేమన్నా కరెంటు పెట్టారా?" అనేవాడు మా సేటు. ఆయన నవ్వుకోడానికే అన్నాడు గానీ నాకు మాత్రం ఏడుపొచ్చేది.

నాతో చదివిన నజీర్ గుర్తున్నాడా? అరండల్‌పేటలో నెట్ సెంటర్ పెట్టాడు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్ళు సెలవు దొరికితే కొండలెక్కడానికి ఎదురు డబ్బిచ్చి మరీ వెళ్తున్నారని వాడే చెప్పాడు. నమ్మలేదు. నెట్‌లో చూపించాడు. మేమిద్దరం కలిసి ఒక సైటు తయారు చేశాం. పేరు 'కొండబాట'. ఏ కొండ ఎంత ఎత్తు, దారి ఎటు, పైనుంచి ఏం కనిపిస్తుంది, అన్నీ ఫొటోలతో ఇంగ్లీషులో పెట్టాం. నచ్చినవాళ్ళు మెయిల్ పంపి బ్యాంకులో డబ్బు వేస్తారు. వాళ్ళని జీపులో తీసుకెళ్ళి ఎక్కించి దింపడం మన పని.

అందులో మొట్టమొదటి కొండ ఏదనుకున్నావ్? మీ ఊరి బోడికొండే! నాకు కొండలెక్కడం నేర్పింది అదే కదా. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ నీ దగ్గరే గడిపాను, ఆ దారి కళ్ళు మూసుకుని రాసేశాను.

ఒక్కటే మెలిక. ఈ వేసవి దాకా చూద్దామన్నాడు నజీర్. అప్పటికి నిలబడకపోతే సైటు మూసేస్తాడు. సేటు కూడా మంచివాడే, నా సీటు మే నెల దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. మళ్ళీ ఆ సీట్లో కూర్చోవడమంటే నాకు బతికుండగానే గోరీ కట్టినట్టే. కాబట్టి దువా చెయ్యి. బావకి సలాం.

సిలార్


కొండకిందపాలెం (చీమకుర్తి దగ్గర),
18 జనవరి

ఒరేయ్ సిలారూ,

మొత్తం చదివాను. ఇప్పుడు తిడుతున్నా. నెల తిరిగేసరికి జీతమొచ్చే పని ఎవడన్నా కాళ్ళు ఊగుతున్నాయని మానేస్తాడా? చిన్నప్పుడు అన్నం ముందు కూడా నిలకడగా కూర్చునేవాడివి కాదు. నాలుగు ముద్దలు నాలుగు చోట్ల పెట్టాల్సొచ్చేది నీకు.

మీ బావ గ్రానైట్ కటింగ్ యూనిట్ నుంచి ఒళ్ళంతా రాతిపొడితో వచ్చాడు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే పడీపడీ నవ్వాడు. "ఇక్కడేమో కొండల్ని కోసి అమ్ముకుంటున్నారు. మీవోడు ఎక్కించి అమ్ముకుంటాడంటనా?" అన్నాడు. ఆ తర్వాత ఒంటి మీది పొడి దులుపుకుంటూ, "కోసేదానికంటే అదే నయంలే" అన్నాడు కూడా. అది నీకు చెప్పొద్దన్నాడు.

వచ్చేవాళ్ళతో నువ్వూ వస్తావుగా? నిన్ను చూసి ఏడాది దాటింది. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి చేసిపెడతా.

మీ అక్క
ఖుర్షిదా


గుంటూరు,
16 ఫిబ్రవరి

అక్కా,

నమ్ముతావా, మెయిళ్ళు వస్తూనే ఉన్నాయి! బెంగళూరు నుంచి కూడా అడుగుతున్నారు. ఎక్కువమంది బోడికొండే అంటున్నారు. పైనున్న ఆ పెద్ద బండ ఫొటో అందరికీ తెగ నచ్చింది.

నేనే రావాలనుకున్నా గానీ కుదరడం లేదు. మెయిలొచ్చిన గంటలో జవాబివ్వకపోతే వాళ్ళు ఇంకో సైటుకి పోతారంటాడు నజీర్. అందుకని జీపుతో బుడేని పంపుతున్నా. మంచి డ్రైవరు, దారి మ్యాపు కాగితం వాళ్ళ చేతికిస్తాడు. కొండ కింద దింపి, మళ్ళీ ఎక్కించుకుని వస్తాడు. వాళ్ళకి మీ ఇల్లు చూపించమన్నాను. ఏదన్నా అవసరమైతే కాస్త చూడు.

వచ్చే వారం తప్పకుండా వస్తా.

సిలార్


కొండకిందపాలెం,
28 ఫిబ్రవరి

తమ్ముడూ,

నీ మనుషులు మూడు దఫాలు వచ్చారు. మర్యాదస్తులే, అబద్ధమెందుకు. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల మధ్య నిలబడి ఫొటోలు దిగుతారు, దిగినంతసేపూ తుమ్ముతారు. ఒకమ్మాయి నా కుట్టుమిషన్ మీద కూర్చున్న పిల్లికి కూడా ఫొటో తీసుకుంది. నీ మీద కోపం చాలావరకు పోయింది.

కానీ ఒక సంగతి అడగాలి. కొండ దిగొచ్చిన ఒకతను, "ఆంటీ, పైన నీళ్ళు సగమే ఉన్నాయి, కొంచెం చూసుకోమని చెప్పండి" అన్నాడు. ఎవరికి చెప్పాలి బాబూ అంటే కాగితం తీసి చూపించాడు. కొండ మీద మంచినీళ్ళు దొరుకుతాయని అందులో రాసి ఉందంట. నీ మ్యాపు కాగితమే.

ఎవర్రా అది రాసింది? నువ్వేనా?

బోడికొండ మీద ఊట ఉందా, చెలమ ఉందా? ఉన్నది పెద్దబండ నీడలో ఒక పెద్ద నీళ్ళ కాగు. చీపురుపుల్లలకి పోయేవాళ్ళు, మేకలవాళ్ళు, గురువారం దీపం పెట్టేదానికి పోయే మావాళ్ళు, ప్రార్థనకి పోయే చర్చివాళ్ళు, ఎవరు ఎక్కినా చెంబెడో బిందెడో నీళ్ళు తీసుకెళ్ళి అందులో పోస్తారు. ముందువాళ్ళు పోసినవి మనం తాగుతాం, మనం పోసినవి తర్వాతవాళ్ళు తాగుతారు. కులం లేదు, మతం లేదు, అడిగేవాడు లేడు. ఉత్త చేతులతో ఎక్కడం ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

నీకెందుకు తెలియలేదా అని రాత్రంతా ఆలోచించాను. ఎట్లా తెలుస్తుంది? నువ్వు ముందు పరిగెత్తి ఎక్కేసేవాడివి, నేను వెనకాల బిందె పెట్టుకుని వచ్చేదాన్ని. నీ వంతు కూడా నేనే మోసేదాన్ని. నీకేమో కొండెక్కితే నీళ్ళుంటాయి, అంతే.

ఆ మాట తీసెయ్యి. వచ్చే ప్రతి ఒక్కరూ ఒక సీసా నీళ్ళు ఎక్కువ తెచ్చి కాగులో పొయ్యాలని రాయి. ఎండలు ముదరకముందే రాయి.

ఖుర్షిదా


గుంటూరు,
7 మార్చి

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ చేశాను. నిజమే, నేనెప్పుడూ అడగనే లేదు, ఆ నీళ్ళెక్కడివని.

నజీర్‌కి చెప్పాను. "డబ్బు కట్టి వచ్చేవాడికి నీళ్ళు మొయ్యమని చెబితే ఎవడొస్తాడ్రా?" అన్నాడు. వాడన్నదీ కొట్టిపారెయ్యలేం. నాలుగు రోజులాగు, ఆ మాట పద్ధతిగా, వినసొంపుగా ఎట్లా రాయాలో ఆలోచించి మారుస్తా.

అసలు సంగతి విను. హైదరాబాదు కంపెనీ ఒకటి నలభై మందిని పంపుతానంటోంది. ఏప్రిల్ నెలాఖరు ఆదివారం. తెల్లారేలోపు ఎక్కి ఎండ రాకముందే దిగిపోతారు. వాళ్ళకి నచ్చితే ఇక ప్రతి నెలా పంపుతారు. అది కుదిరితే సైటు నిలబడ్డట్టే. మిర్చి ఘాటు నా ముక్కుకి మళ్ళీ తగలదు.

ఈ కుర్చీలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. అయినా హుషారుగానే ఉన్నా. వచ్చే వారం వస్తా.

సిలార్


కొండకిందపాలెం,
17 మార్చి

తమ్ముడూ,

నలభై మంది సంగతి విని సంతోషించాను. అల్లా నీ వైపు చూశాడు. నీళ్ళ గురించి నువ్వు బెంగపెట్టుకోకు, ఇక్కడ మేం చూసుకుంటున్నాం. నీ మనుషులెవరూ దాహంతో దిగలేదు. మిర్చి కోతలు అయిపోవచ్చాయి, పత్తి కట్టె పీకుతున్నారు. పండగ బట్టలు లేకపోయినా కుట్టుపని బాగానే ఉంది. వేళకి తిను.

ఖుర్షిదా

సిలార్, ఈ రెండు ముక్కలు నేను రాస్తున్నా, ఉత్తరం అంటించి పోస్టులో వేసి రమ్మని నా చేతికిచ్చింది మీ అక్క. జీపు వస్తుందని తెలిస్తే చాలు, ముందురోజే బిందెలు మోస్తోంది. ఒకసారి కాదు, కాగు నిండేదాకా ఎక్కి దిగుతోంది. నీ కాగితం అబద్ధం కాకూడదంట. మోకాలు వాచింది, నాకు కనపడకుండా చీర కప్పుకుంటుంది. నేను వద్దంటే వినదు. నేను చెప్పినట్టు తెలియనీకు.
మీరా హుస్సేన్


గుంటూరు,
22 మార్చి

అక్కా,

అందరూ కులాసానా? నీ మోకాళ్ళు అవీ బాగున్నాయా? ఊరికే అడిగాను.

నీళ్ళ సంగతి నేనింకా తేల్చలేదు. నజీర్ దగ్గర పనిచేసే కుర్రవాళ్ళు ఒంగోలు పోయారు, వచ్చాక మారుస్తారు. ఈలోగా నువ్వేమీ చెయ్యొద్దు. ఎవరన్నా కూలిమనిషిని పెట్టి కాగు నింపించు. మనియార్డరు చేస్తున్నా. నెలనెలా పంపుతా, ఖర్చుకి వెనకాడొద్దు.

ఈ ఒక్క నెల గట్టెక్కితే అంతా సర్దుకుంటుంది.

సిలార్


కొండకిందపాలెం,
27 మార్చి

సిలార్,

నీ మనియార్డరు పోస్ట్‌మ్యాన్ చేతికే తిరిగిచ్చేశాను.

కాగుకి కూలేంట్రా? ఆ కొండ మీద నీళ్ళు పోసినందుకు ఎప్పుడన్నా ఎవరన్నా కూలి తీసుకున్నారా? ఊళ్ళో ఈ మాట తెలిస్తే నా మొహాన ఉమ్మేస్తారు. నీ మాట నిలబెట్టాలని నేనేదో నా తిప్పలు పడుతున్నా. దానికి నువ్వు రేటు కట్టావు.

ఇక నేను బిందె ఎత్తను. నీ సైటు, నీ కాగితం, నీ మనుషులు. నువ్వే చూసుకో.

ఒక్కటడుగుతా, నిజం చెప్పు. అసలు నువ్వు ఏ కొండైనా ఎక్కి ఎన్నాళ్ళయింది?

ఖుర్షిదా


కొండకిందపాలెం,
6 ఏప్రిల్

సిలార్,

పుల్లమ్మ చావు తప్పించుకుంది.

పుల్లమ్మ నీకు తెలుసు. చర్చి వెనక వీధిలో ఉంటుంది, మేకలు కాస్తుంది. చిన్నప్పుడు నీకు జున్నుపాలు ఇచ్చింది. మొగుడు పోయినప్పటి నుంచి ఆ మేకలే ఆమెకి లోకం. ఆదివారం నీ జీపు వచ్చింది. నేను నీళ్ళు మొయ్యలేదు, మొయ్యనని నీకు చెప్పాను, మొయ్యలేదు. కాగులో ఉన్నవి నీ మనుషులు తాగారు, మిగిలినవాటితో మొహాలు కడుక్కున్నారు. సోమవారం పుల్లమ్మ మేకల్ని తోలుకుని ఎక్కింది. ఆమె చెంబు దారిలో ఒక పిల్లమేకకి పట్టిందంట, పైన కాగు ఉందనే ధీమాతో. తీరా చూస్తే కాగులో చుక్క లేదు.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఉందని విన్నాను గానీ జరగ్గా నేనెప్పుడూ చూడలేదు. కాగు ఖాళీగా కనబడితే, చూసినవాళ్ళు దాన్ని బోర్లించాలి. ఇక ఎవరూ అందులో నీళ్ళు పొయ్యరు. ఖాళీ చేసినవాళ్ళు నీళ్ళు మోసుకొచ్చి ఇవ్వాలి, బోర్లించినవాళ్ళు అవి తాగి, తమ చేత్తో కాగు నిలబెట్టాలి. పుల్లమ్మ ఆ ఎండలో కాగు బోర్లించింది. దిగుతూ కళ్ళు తిరిగి బండ మీద పడింది. చెయ్యి విరిగింది. మేకలు ఒంటరిగా ఊళ్ళోకొస్తే అనుమానం వచ్చి జనం పరిగెత్తారు. ఒంగోలు ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు. నిన్న ఇంటికి తెచ్చారు.

ఊళ్ళో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. బావి దగ్గరికి పోతే మాటలు ఆపేస్తున్నారు. నాకు ఏడవాలని కూడా లేదు. నేను అలిగి బిందె దించాను, నువ్వు నాలుగు మాటలు మార్చడానికి నెల తీసుకున్నావు. మధ్యలో పుల్లమ్మ పడింది.

ఇప్పుడు నలభై మందిని పంపుతావో ఏం చేస్తావో నీ ఇష్టం.

ఖుర్షిదా


గుంటూరు,
9 ఏప్రిల్

అక్కా,

ఆ మాట ఇవాళే తీసేశాను. నేనే కూర్చుని తీశాను. ఎంతసేపు పట్టిందో చెబితే నన్ను చంపుతావు. పిల్లవాడు కూడా చేసే పని.

నువ్వడిగినదానికి జవాబు ఇది. డిసెంబరు తర్వాత నేను ఏ కొండా ఎక్కలేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఈ నెట్ సెంటర్లో కూర్చుని కొండల గురించి రాస్తున్నా. పాదాలకింద రాయి ఎట్లా ఉంటుందో ఎవరెవరికో వర్ణిస్తున్నా. కాళ్ళు ఇక్కడా ఊగుతున్నాయి, బల్లే మారింది. వచ్చే వారం వస్తానని నీకు రాసినప్పుడల్లా నిజంగానే వస్తాననుకున్నాను.

ఒక్కసారి వాళ్ళతో వచ్చి ఉంటే ఆ కాగు నా కళ్ళపడేది. నీ మోకాలూ కళ్ళపడేది. అవును, బావ చెప్పాడు. బావని ఏమీ అనకు.

శుక్రవారం వస్తున్నా. నలభై మందిని బోడికొండ వద్దని కొండవీడుకి మార్చాను. పుల్లమ్మకి నీళ్ళు నేనే మోస్తా.

సిలార్


కొండకిందపాలెం,
19 ఏప్రిల్

సిలారూ,

నువ్వు శుక్రవారం వచ్చి వెళ్ళిపోయాక ఇంట్లో పిల్లి కూడా నీకోసం చూసింది. నిన్ను చూసి గుండె చివుక్కుమంది. అంత చిక్కిపోయావు, పైగా పొట్టొచ్చింది, రెండూ ఒకే మనిషికి ఎట్లా వస్తాయో! బిందె భుజాన పెట్టుకుని పావుగంటకోసారి కూర్చుంటుంటే నేను వెనకనుంచి చూడలేకపోయాను. ఒకప్పుడు నిన్ను ఆగమని అరిచేదాన్ని ఆ దారిలో.

పుల్లమ్మ కట్టు కట్టిన చేత్తో పైన కూర్చుని ఉంది. నువ్విచ్చిన నీళ్ళు తాగింది. కాగు మాత్రం నిలబెట్టలేదు. "రేపు కూడా తే" అంది. నువ్వు సరేనన్నావు. ఆమె ఎదురుగా సరేనని, కొండ దిగాక నాతో, "నలభై మంది పని ఉందక్కా, మళ్ళీ వస్తా" అని సాయంత్రం బస్సెక్కావు. ఆ నలభై మంది వచ్చేది పై ఆదివారం గదా, ఇంకా వారం ఉందిగా అన్నాను. టెంట్లు, టిఫిన్లు, జీపులు అన్నావు.

శనివారం పుల్లమ్మ ఎక్కింది. నేను కూడా వెళ్ళాను, వెళ్ళకుండా ఉండలేక. నీ బదులు నేను బిందె తీసుకెళ్ళాను. ముట్టుకోలేదు. "నీవి కాదులే తల్లీ, ఆ అబ్బాయివి" అంది. బస్సు తప్పిపోయిందని అబద్ధం చెప్పాను. "పోనీలే, ఎండగదా, రేపొస్తాడు" అంది. ఆదివారం కూడా ఎక్కింది. నిన్న కూడా. ఇన్ని రోజులు ఎందుకే పుల్లమ్మా, ఒక్కసారి తెచ్చాడుగా అంటే, "ఒక్కసారి తెస్తే పండగ చూసేదానికి వచ్చినట్టు ఉంటది. నాకు ఆ నీళ్ళ మీద మళ్ళీ నమ్మకం కుదరాలిగా" అంది. ఎన్నాళ్ళు అని అడిగాను. "నా దాహం తీరేదాకా" అంది. కోపంగా కాదురా. మామూలుగానే అంది.

కాగు ఇంకా బోర్లే ఉంది. పైకి పోయేవాళ్ళు పోతున్నారు, నీళ్ళు పొయ్యకుండా వస్తున్నారు. ఎండలు చూస్తున్నావుగా.

నువ్వు రాకపోతే నేనేమీ అనను. నీ బతుకు నువ్వు చూసుకోవాలి, నాకు తెలుసు. నీ నెలాఖరు దగ్గరపడిందనీ తెలుసు. కానీ ఇవాళ కూడా పుల్లమ్మ ఎక్కింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నా.

అక్క


గుంటూరు,
21 ఏప్రిల్

అక్కా,

ఈ ఉత్తరం ఒంగోలు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నా, చీమకుర్తి ఆటోవాళ్ళకి ఇస్తానన్నాడు. నేనే ఇదే బస్సెక్కాల్సింది గానీ, ఇవాళ ఒక్కరోజు పనుంది. కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పాలి. వేరేవాళ్ళ చేత చెప్పిస్తే మర్యాద కాదు.

నజీర్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. "ఒక్క ఆదివారమేరా, ఒక్కటి! సోమవారం నుంచి నువ్వు ఏడాది పాటు నీళ్ళు మొయ్యి, ఎవడు వద్దన్నాడు?" అన్నాడు. సబబుగానే ఉంది. నేనూ వారం రోజులుగా నాకు అదే చెప్పుకుంటున్నా. కానీ ఆదివారం అయ్యాక వాళ్ళకి నచ్చుతుంది, వచ్చే నెల ఇంకో యాభై మంది వస్తారు, నేను మళ్ళీ వచ్చే వారం వస్తానని నీకు రాస్తాను. నా సంగతి నాకు తెలిసిపోయింది. పుల్లమ్మకి నాకంటే ముందే తెలిసినట్టుంది.

నలభై మంది రాకపోతే సైటు నడపలేనన్నాడు నజీర్. సరేనన్నాను. సాయంత్రానికి మూసేస్తాం. బోడికొండ ఫొటో మాత్రం ముందే నా చేత్తో తీసేశాను.

అక్కడ నుంచి తిన్నగా యార్డుకి పోయాను. నా సీటు ఎవరికన్నా ఇచ్చెయ్యండని చెప్పి వచ్చాను. సేటు వింతగా చూశాడు. "అదీ పోయింది, ఇదీ పోతే ఏం తిని బతుకుతావయ్యా?" అన్నాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదక్కా. భయంగా ఉంది. కానీ మే నెలలో ఆ కుర్చీ నాకోసం కాచుకుని ఉంటే నేను పుల్లమ్మ ముందు నిలబడి కూడా రోజులు లెక్కపెడతాను.

రేపు తెల్లవారుజాము బస్సుకి వస్తున్నా. ఎన్నాళ్ళుంటానో నాకే తెలియదు, పరుపు ఒకటి వరండాలో వెయ్యమని బావకి చెప్పు. బస్సు దిగి ఇంటికి రాను, నేరుగా బావి దగ్గరికి పోతాను. బిందె అక్కడ పెట్టించు చాలు.

నువ్వు పైకి రావద్దు. గుమ్మంలో నిలబడి చూడనూ వద్దు. ఆ మోకాలు చాపుకుని కాసేపు కూర్చో అక్కా.

సిలార్